ప్రభుత్వం మామూలు జనం మాట వినట్లేదు అనిపించినప్పుడు మీరేం చేశారు?

మేమైతే ఎలక్షన్‌లో నిలబడ్డాం. మాది నిజామాబాద్ జిల్లా, ఆర్మూర్ దగ్గర పల్లె, ఇంట్లో పసుపు సాగు.

పసుపు తొమ్మిది నెలల పంట. తవ్వినంత మాత్రాన అయిపోదు, ఉడకబెట్టాలి, కళ్ళంలో ఆరబెట్టాలి, పాలిష్ పట్టించాలి, అప్పుడు గానీ మార్కెట్ యార్డుకి పోదు. ఇంతా చేసి 2019లో తీసుకుపోతే క్వింటాలు 5, 6 వేలు అన్నారు. వరికి ఉన్నట్టు పసుపుకి కేంద్రం మద్దతు ధర లేదు కాబట్టి వ్యాపారి చెప్పిందే రేటు. మా బాపు, అంటే మా నాన్న, ఎన్ని అర్జీలు పెట్టాడో లెక్కలేదు, కాపీలన్నీ ఒక సంచిలో దాచాడు, ప్రతిదాని మీదా ఆఫీసు ముద్ర ఉంది, జవాబు ఒక్కదానికీ రాలేదు. ఒకసారి నేనూ వెంట పోయా, సారు మీటింగ్‌లో ఉన్నారని సాయంత్రం దాకా కూర్చోబెట్టి చివరికి కాగితం ఇన్‌వర్డ్‌లో, అంటే కాగితాలు తీసుకునే కౌంటర్‌లో, ఇచ్చి పొమ్మన్నారు. తిరిగొచ్చేటప్పుడు బస్సులో బాపు ఒక్క మాట మాట్లాడలేదు. ఆ రోజు కోపం నాకు ఇంకా పోలేదు.

ఆ ఫిబ్రవరిలో రైతులు 44వ నంబర్ హైవే మీద కూర్చున్నారు, పసుపుకి 15 వేలు, ఎర్రజొన్నకి 3,500 కావాలని. అరెస్టులు చేశారు తప్ప రేటు మాట ఎత్తలేదు. అందుకే లోక్‌సభ ఎన్నికలు రాగానే ఊరూరా నామినేషన్లు వేద్దాం అనుకున్నారు. మా ఊరి నుంచి మా కాక (చిన్నాన్న) వేశాడు. డిపాజిట్ 25 వేలు, ఇంటింటికీ తిరిగి పోగేశారు, ఇండిపెండెంట్‌కి పది మంది ప్రతిపాదించాలి కదా, అందులో బాపు ఒకడు. మొత్తం 185 మంది పోటీలో ఉంటే 170 మందికి పైగా రైతులే, బూత్‌కి 12 ఓటింగ్ యూనిట్లు, అంటే ఓటు మీట నొక్కే పెట్టెలు, పెట్టాల్సొచ్చింది. గెలుస్తాం అని ఎవరూ అనుకోలేదు, పైసలు పోతాయని తెలిసే వేశారు. సిట్టింగ్ ఎంపీ ఓడిపోయారు, పసుపు బోర్డు తెస్తానన్న ఆయన గెలిచారు.

ఇది కొత్తేం కాదు. 1996 లోక్‌సభ ఎన్నికల్లో నల్గొండలో ఫ్లోరైడ్ నీళ్ళు తాగలేక, కృష్ణా నీళ్ళు కావాలని ఇలాగే నామినేషన్లు వేస్తే అభ్యర్థులు 480 మంది అయ్యారు, బ్యాలెట్ పేపర్ పుస్తకమైంది, పోలింగ్ వాయిదా వేశారు. అప్పటికి డిపాజిట్ 500. ఇంతమంది నిలబడకుండా ఆ ఏడాదే చట్టం మార్చి 10 వేలు చేశారు. నల్గొండకి నీళ్ళ కంటే ముందు డిపాజిట్ మారింది, నాకు బాగా బాధనిపించేది ఇదే.

ఈ ప్రశ్న అడిగిన మీరు మీ సమస్య ఏదో రాయలేదు గానీ, ఒక్కరే పోకండి, పది ఊళ్ళు కలిసి ఒకే డిమాండ్ పెట్టండి, అర్జీ ఇస్తే రసీదు అడిగి తీసుకోండి, జవాబు రాకపోతే ఆ అర్జీ ఎవరి టేబుల్ మీద ఆగిందో సమాచార హక్కు కింద అడగండి, 30 రోజుల్లో చెప్పాలి. మేం ఇది లేటుగా తెలుసుకున్నాం.

పసుపు బోర్డుని 2023 అక్టోబర్‌లో ప్రకటించి 2025 సంక్రాంతి రోజున నిజామాబాద్‌లో మొదలుపెట్టారు. రావడం మంచిదే, కాదనను. కానీ మేం అడిగింది రేటు, మద్దతు ధర ఇంకా లేదు. ఆ రోజు టీవీలో ప్రారంభోత్సవం చూస్తూ కాక అడిగింది ఒక్కటే, "రేటు సంగతి ఏమన్న చెప్పిన్రా?" అని. లేదు అన్నా. బాపు లేచి కళ్ళం వైపు పోయాడు.