జనం జాతుల వారీగా ఎంత విడిగా ఉంటున్నారో జనాభా లెక్కలు చెప్పగలవా?

ప్రశ్న: అమెరికా నగరాల్లో నల్లజాతివాళ్లు, తెల్లజాతివాళ్లు ఎంత విడివిడిగా నివసిస్తున్నారో సెన్సస్‌తో కొలుస్తారట. ఆ సూచీ ఒక్కటి చూస్తే సరిపోతుందా?

సరిపోదు. డెట్రాయిట్ పక్కన ట్రాయ్‌లో తొమ్మిదేళ్లు ఉన్నాను కాబట్టే ఇంత గట్టిగా చెబుతున్నాను.

దిగిన వారంలోనే మనవాళ్లు చెప్పిన మొదటి జాగ్రత్త, "అన్నా, ఎయిట్ మైల్ రోడ్డు దాటి ఇల్లు చూడకు." ఆ రోడ్డు డెట్రాయిట్ నగరానికి ఉత్తరపు హద్దు, దానికి అవతల నగరంలో ఎక్కువగా నల్లవాళ్లే. ఎందుకు చూడొద్దంటే "స్కూల్ రేటింగ్స్" అనేవారు. వాళ్లలో ఒక్కరూ ఆ రోడ్డు అవతల ఒక పూట గడిపినవాళ్లు కాదు. ఎవరో ఎప్పుడో గీసిన గీతను మనం వచ్చీ రాగానే నెత్తిన పెట్టుకోవడం నాకు ఇప్పటికీ మింగుడుపడదు.

మా ఆఫీసులో డెట్రాయిట్‌లోనే పుట్టి పెరిగిన నల్లజాతి పెద్దాయన ఒకరుండేవారు. ఓ శనివారం నన్ను బిర్‌వుడ్ వీధి దగ్గరి గోడ చూడటానికి తీసుకెళ్లారు. చిన్న పార్కు, ఆడుకుంటున్న పిల్లలు, వాళ్ల వెనక ఆరడుగుల కాంక్రీటు గోడ. పార్కు ఉన్నంత మేర దాని మీద రంగురంగుల బొమ్మలు వేశారు. అక్కడినుంచి ఇళ్ల పెరళ్ల వెనకగా సాగిపోతుంది, మొత్తం అర మైలు పొడవు. 1941లో ఒక బిల్డర్ అవతలి స్థలంలో తెల్లవాళ్లకు ఇళ్లు కట్టబోయాడు. పక్కనే నల్లవాళ్లున్నారని ఇళ్ల అప్పులకు హామీ ఇచ్చే ప్రభుత్వ సంస్థ ఫెడరల్ హౌసింగ్ అడ్మినిస్ట్రేషన్ ఆ అప్పులకు హామీ ఇవ్వనంది. మధ్యలో ఈ గోడ లేపాక ఒప్పుకుంది.

గోడ మీద చెయ్యి వేసి, "అవతల ఇప్పుడు ఎవరుంటారు?" అని అడిగాను.

"మేమే. రెండు వైపులా మేమే" అన్నారాయన.

ఆ రాత్రి కూర్చుని 2020 సెన్సస్ పట్టికలు తీశాను. అందరూ వాడేది డిస్‌సిమిలారిటీ ఇండెక్స్, అంటే రెండు జాతులవాళ్లు పేటల్లో ఎంత విడివిడిగా ఉన్నారో 0 నుంచి 100 లోపు చెప్పే అంకె. 1955లో సామాజిక శాస్త్రవేత్తలైన డంకన్ దంపతులు రాసిన వ్యాసంతో బాగా వాడుకలోకి వచ్చింది. ఒక ఊళ్లో వందమంది నల్లవాళ్లు, తొమ్మిది వందల మంది తెల్లవాళ్లు, రెండే పేటలు అనుకోండి. మొదటి పేటలో 90 మంది నల్లవాళ్లు, 90 మంది తెల్లవాళ్లు. మిగతావాళ్లంతా రెండో పేటలో. అప్పుడు సూచీ 80. రెండు పేటల్లోనూ ఒకే పాళ్లు రావాలంటే నల్లవాళ్లలో నూటికి 80 మంది ఇల్లు మారాలన్నమాట. 60 దాటితే చాలా ఎక్కువ అంటారు. డెట్రాయిట్, దాని శివార్లు కలిపి చూస్తే దశాబ్దాలుగా ఆ పైనే.

కానీ ఆ గోడ దగ్గర ఈ సూచీకి ఏమీ కనపడదు. రెండు పక్కలా ఒకే జనం కాబట్టి తేడా రాదు. తెల్లవాళ్లు వెళ్లిపోయారు, గీత ఎయిట్ మైల్‌కి జరిగింది. ఇప్పుడు ఆ రోడ్డుకి ఉత్తరాన ఉన్న సౌత్‌ఫీల్డ్‌లో కూడా నల్లవాళ్లే ఎక్కువ, అంటే గీత ఇంకా జరుగుతూనే ఉంది. ఒక్క ఏడాది అంకెలో ఈ నడక ఎలా కనపడుతుంది?

సెన్సస్‌లో జాతిని లెక్కగట్టే గడుల సంగతి మరీ అన్యాయం. డెట్రాయిట్ పక్కనే ఉన్న డియర్‌బర్న్‌లోని అంతమంది అరబ్బులూ ఆ సెన్సస్‌లో తెల్లవాళ్ల కిందే లెక్క. ట్రాయ్‌లోని మనమూ, చైనావాళ్లూ, అక్కడే ఉన్న హామ్‌ట్రామిక్ అనే ఊళ్లోని బంగ్లాదేశీయులూ ప్రధాన పట్టికల్లో "ఆసియన్" అనే ఒకే గడిలో. అలా కలిపేసి సూచీ కడితే ఎవరి బతుకు గురించి చెప్పినట్టు?

ఏ ముక్కను, ఊరు మొత్తాన్నా లేక ఒక్కో పేటనా, కొలుస్తున్నామన్నదే అసలు సంగతి. అది నాకు మా ఊరి వల్లే తెలిసింది. మన జనాభా లెక్కల్లో ఊరి పేరు ఎదురుగా ఎస్సీలు ఇంతమంది అని ఒకే అంకె ఉంటుంది. అది చూసినవాళ్లకు అందరూ కలిసే ఉన్నారనిపిస్తుంది. మా ఊరికీ వాడకీ మధ్య పంటకాలువ ఉంది. చిన్నప్పుడు దాని మీద తాటిదుంగ ఒక్కటే దారి, నా క్లాస్‌మేట్లు వానాకాలంలో పుస్తకాలు నెత్తిన పెట్టుకుని దాని మీదుగానే బడికి వచ్చేవాళ్లు.