నీళ్లు మానేస్తే తగ్గుతుందా?

ప్రశ్న: నా వయసు 24. మాది చంద్రగిరి పక్కన పల్లె. మొదటి కాన్పు. ఒక రోజుకు పైగా నొప్పులు పడ్డాక వాక్యూమ్ పెట్టి పాపను తీశారు, కుట్లు పడ్డాయి. ఆ రాత్రి మూత్రం రాకపోతే ట్యూబు వేసి తీశారు. ఇప్పటికి 20 రోజులు. తుమ్మినా, పాపను ఎత్తుకున్నా చీర తడుస్తోంది. ఒక్కోసారి తడిసేదాకా తెలియడం లేదు. నీళ్లు తాగితే ఇంకా ఎక్కువవుతుందని మా అవ్వ పూటకు ఒక గ్లాసే ఇస్తోంది. ఇలాగే ఉండిపోతుందేమోనని టెన్షన్‌గా ఉంది.

జవాబు: తుమ్మితే పడటం బాలింతల్లో మామూలే. నాకు అనుమానం తెప్పించింది 'తడిసేదాకా తెలియడం లేదు' అన్న మీ మాట. వ్యాయామాల సంగతి తర్వాత, ముందు మూత్రాశయం పూర్తిగా ఖాళీ అవుతోందో లేదో చూడాలమ్మా.

బిడ్డ తల గంటల తరబడి నొక్కితే అక్కడి నరాలు మొద్దుబారతాయి. కుట్ల వాపు దానికి తోడు. కడుపుతో ఉన్నప్పుడు ఒంట్లో చేరిన నీరు మూత్రంగా దిగేది కూడా సరిగ్గా కాన్పయిన ఆ మొదటి రోజుల్లోనే. సంచి నిండుతుంది, నిండినట్టు తెలియదు. కాన్పయ్యాక 6 గంటల్లో మూత్రం రాకపోతే ట్యూబు వేసేది అందుకే, వదిలేస్తే కండరం సాగిపోతుంది. కొందరికి ట్యూబు తీశాక కూడా సగమే ఖాళీ అయి, మిగిలింది నిండుకుండలా పొర్లుతుంది. పైకి ఆపుకోలేకపోతున్నట్టే ఉంటుంది.

మూత్రానికి వెళ్లొచ్చిన వెంటనే స్కాన్ చేస్తే తెలుస్తుంది. 150 మిల్లీలీటర్లకు మించి మిగిలితే డాక్టరు పర్యవేక్షణ కావాలి. తిరుపతి ప్రభుత్వ ప్రసూతి ఆసుపత్రికి ఈ వారంలోనే వెళ్లండి. చలిజ్వరం, మంట ఉన్నా, పొత్తికడుపు ఉబ్బి మూత్రం రాకపోయినా అదే రోజు. అంతవరకు వచ్చేట్టు అనిపించినా లేకపోయినా 3 గంటలకోసారి వెళ్లి నిదానంగా కూర్చోండి. పాప ఏడిస్తే అవ్వ చూసుకుంటుంది.

ఖాళీ అవుతోందని తేలితే, కింది కండరాల పట్టు సడలిందంతే. కింది నుంచి గాలి పోకుండా ఆపుకున్నట్టు లోపలికి బిగించి, మొదట్లో 3 సెకన్లు, పోనుపోను 10 సెకన్లు ఉంచి వదలండి. విడతకు 10 సార్లు, రోజుకు 3 విడతలు, 3 నెలలు. ఊపిరి బిగబట్టొద్దు. చాలామందికి ఈలోపే తగ్గుతుంది.

ఇక నీళ్లు. నా కాన్పప్పుడు మా అమ్మా చెంబు దాచేసింది, అప్పటికే నేను డాక్టర్ని! నీళ్లు తగ్గితే మూత్రం చిక్కబడి మంట పుడుతుంది, మలబద్ధకం వస్తుంది. ముక్కితే ఆ భారమంతా సడలిన కండరాల మీదే. అవ్వతో గొడవెందుకు, కాచిన వాము నీళ్లు కావాలని అడగండి. చెంబు నిండా తనే తెచ్చిస్తుంది.