శాతం దేని మీద? లాభనష్టాలు, రాయితీ లెక్కలపై ఒక విద్యార్థినికి సమాధానం

ప్రశ్న: మాది సూర్యాపేట జిల్లాలోని ఒక గ్రామం. తెలుగు మాధ్యమంలో బి.ఏ. చివరి సంవత్సరం చదువుతూ రైల్వే ఎన్‌టీపీసీ (సాంకేతికేతర ఉద్యోగాల పరీక్ష), బ్యాంకు క్లర్కు పరీక్షలకు సిద్ధమవుతున్నాను. లాభనష్టాలు, రాయితీకి సంబంధించిన సూత్రాలన్నీ కంఠస్థం చేసినా మాదిరి పరీక్షల్లో ఎక్కువ తప్పులు ఈ అధ్యాయంలోనే వస్తున్నాయి. మా నాన్నగారు కిరాణా దుకాణం నడుపుతారు. కాగితం లేకుండానే లాభం ఎంతో చెప్పేస్తారు. ఆయన పద్ధతిలో చేసినా నా జవాబు తప్పే అవుతోంది. ఈ అధ్యాయాన్ని వదిలేసి మిగతావాటి మీద దృష్టి పెట్టవచ్చా? హైదరాబాద్ వెళ్లి కోచింగ్ తీసుకోవడం తప్పనిసరా?

సమాధానం: అమ్మా, ఈ అధ్యాయాన్ని వదిలేయవద్దు. ఇందులో వచ్చే ఒకటి రెండు ప్రశ్నల కోసం మాత్రమే ఈ మాట చెప్పడం లేదు. మీకు ఇబ్బంది కలిగిస్తున్నది శాతాల లెక్క అయితే అది బారువడ్డీ, చక్రవడ్డీ, మిశ్రమాలు, బ్యాంకు పరీక్షల్లోని దత్తాంశ పట్టికలు, ఇలా ప్రతిచోటా ఎదురవుతుంది కాబట్టి ఇక్కడ వదిలేసినది అక్కడ మళ్లీ నష్టం చేస్తుంది. కోచింగ్ సంగతి చివర్లో చెబుతాను. ముందుగా మీ నాన్నగారి లెక్కను చూద్దాం, ఎందుకంటే మీ తప్పుకు మూలం చాలావరకు అందులోనే కనిపిస్తోంది.

ఆయన లెక్కలో తప్పేమీ లేదు. ఎమ్మార్పీ 100 రూపాయలున్న సబ్బు ఆయనకు 90 రూపాయలకు పడితే "పది శాతం మార్జిన్" అంటారు. గల్లాపెట్టెలోకి వచ్చిన ప్రతి 100 రూపాయల్లో తనకు మిగిలేది ఎంత అన్నదే దుకాణదారుకు కావలసిన సంగతి కాబట్టి, చాలామంది వ్యాపారులు అమ్మకం ధర మీదే శాతం చెప్పుకుంటారు. పరీక్షలో మాత్రం అదే సబ్బు మీద లాభం 10 శాతం కాదు. 90 రూపాయల పెట్టుబడికి 10 రూపాయలు మిగిలాయి కాబట్టి లాభం తొమ్మిదో వంతు, అంటే 11 1/9 శాతం. ఒకే సబ్బు, ఒకే పది రూపాయలు, అయినా శాతాలు రెండు వచ్చాయి. ఆయన 100 మీద లెక్కగట్టారు, పరీక్ష 90 మీద లెక్కగడుతుంది. ఇద్దరూ సరిగ్గానే చెబుతున్నారు. మీరు మాత్రం ఆయన ఆధారాన్ని, అంటే ఆయన శాతం లెక్కగట్టిన మొత్తాన్ని, తీసుకుని పరీక్ష అడిగిన జవాబు రాస్తున్నారు.

అందువల్ల సూత్రాల పట్టికను కొంతకాలం పక్కన పెట్టి, ప్రశ్నలో శాతం కనిపించిన ప్రతిచోటా "ఇది దేని మీద?" అని అడిగే అలవాటు చేసుకోండి. పరీక్షల ఒప్పందం చాలా సరళమైనది: లాభశాతం, నష్టశాతం కొన్నవెల మీద, రాయితీ శాతం ప్రకటన వెల (రాయితీకి ముందు వస్తువుపై రాసిన ధర) మీద. ప్రశ్నపత్రంలో "అమ్మినవెలపై 20 శాతం లాభం" అని విడిగా చెబితే తప్ప ఈ ఒప్పందం మారదు. అలా చెప్పినప్పుడు 100కు అమ్మితే లాభం 20, కొన్నవెల 80, కాబట్టి మామూలు పద్ధతిలో లాభం 25 శాతం అవుతుంది. పాత తెలుగు పుస్తకాల్లో రాయితీని ముదరా అనేవారు. ఆ మాట ఎక్కడైనా కనిపిస్తే కంగారు పడనవసరం లేదు.

ఈ అలవాటు ఎందుకు అవసరమో ఒక ప్రశ్నతో చూపిస్తాను. ఒక వ్యాపారి కొన్నవెలకు 40 శాతం కలిపి ప్రకటన వెల నిర్ణయించి, దానిపై 25 శాతం రాయితీ ఇచ్చాడు. అతని లాభం ఎంత? తొందరపడినవారు 40లోంచి 25 తీసేసి 15 శాతం అని గుర్తిస్తారు, ప్రశ్న తయారుచేసినవారు ఆ 15ను ఐచ్ఛికాల్లో తప్పకుండా ఉంచుతారు. కానీ 40 శాతం కొన్నవెల మీద, 25 శాతం ప్రకటన వెల మీద లెక్కగట్టినవి. వేర్వేరు మొత్తాల మీది శాతాలను కలపడానికీ వీల్లేదు, తీసివేయడానికీ వీల్లేదు. కొన్నవెల 100 అనుకుంటే ప్రకటన వెల 140, అందులో నాలుగో వంతు 35 పోతే అమ్మినవెల 105, లాభం 5 శాతం మాత్రమే.

దీనికి భిన్నమైన ప్రశ్న కూడా చూడండి. ఒక వస్తువును 5 శాతం నష్టానికి అమ్మారు, మరో 45 రూపాయలు ఎక్కువకు అమ్మి ఉంటే 10 శాతం లాభం వచ్చేది, కొన్నవెల ఎంత? ఇక్కడ రెండు శాతాలూ ఒకే కొన్నవెల మీదివి కాబట్టి నిస్సంకోచంగా కలపవచ్చు: 15 శాతం విలువ 45 రూపాయలు, కొన్నవెల 300 రూపాయలు. ఆధారం ఒకటే అయితే కూడిక, తీసివేత. ఆధారం మారితే గుణకారం. ఈ అధ్యాయంలో నిజంగా కంఠస్థం చేయవలసినది ఇంతే అని నా అభిప్రాయం.

వెనక్కి వెళ్లే లెక్కల్లో ఇదే పొరపాటు మరో రూపంలో వస్తుంది. 240 రూపాయలకు అమ్మితే 20 శాతం లాభం వచ్చింది, కొన్నవెల ఎంత అని అడిగితే చాలామంది 240లో 20 శాతం తీసేసి 192 అంటారు. ఆ 20 శాతం 240 మీది కాదు, మనకు ఇంకా తెలియని కొన్నవెల మీది. కొన్నవెల అయిదు భాగాలైతే అమ్మినవెల ఆరు భాగాలు. ఆరు భాగాలు 240 అయితే ఒక భాగం 40, కొన్నవెల 200. ఇలా భాగాల్లో ఆలోచించడం దశాంశాలతో కుస్తీ పట్టడం కంటే త్వరగా అవుతుంది కాబట్టి 8 1/3 శాతం అంటే పన్నెండో వంతు, 12 1/2 అంటే ఎనిమిదో వంతు, 14 2/7 అంటే ఏడో వంతు, 16 2/3 అంటే ఆరో వంతు, 37 1/2 అంటే ఎనిమిదింట మూడు వంతులు అన్నవి నోటికి వచ్చేలా చేసుకోండి.

సూత్రం తెలిసినా మార్కు పోయే ప్రశ్నకు ఉదాహరణగా సమాన అమ్మినవెలల లెక్కను చెప్పవచ్చు. రెండు వస్తువులను ఒక్కొక్కటి 1200 రూపాయలకు అమ్మగా, ఒకదానిపై 20 శాతం లాభం, మరొకదానిపై 20 శాతం నష్టం వచ్చాయి. లాభం, నష్టం సరిపోయాయని అనిపిస్తుంది. కానీ మొదటి దాని కొన్నవెల 1000, రెండో దానిది 1500. మొత్తం 2500 పెట్టి 2400 రాబట్టాడు కాబట్టి 4 శాతం నష్టం. లాభం చిన్న మొత్తం మీద, నష్టం పెద్ద మొత్తం మీద వచ్చాయి కాబట్టి ఇటువంటి ప్రశ్నలో ఎప్పుడూ నష్టమే మిగులుతుంది. శాతాన్ని వర్గం చేసి 100తో భాగించే సూత్రం మీకు వచ్చే ఉంటుంది. అది అమ్మినవెలలు సమానమైనప్పుడే చెల్లుతుందని గుర్తుందా? ప్రశ్నలో కొన్నవెలలు సమానమని ఉంటే లాభమూ లేదు, నష్టమూ లేదు. ఒక్క మాట మార్పుతో జవాబు మారిపోయే ఇలాంటి చోట, సూత్రం బాగా వచ్చినవారే ప్రశ్నను పూర్తిగా చదవకుండా మోసపోతారు.

వస్తువుల సంఖ్యతో వచ్చే ప్రశ్నల్లో మీ దుకాణం మీకు చక్కని పాఠశాల. 12 వస్తువుల కొన్నవెల 10 వస్తువుల అమ్మినవెలకు సమానమైతే, పది అమ్మేసరికే పన్నెండింటి పెట్టుబడి చేతికి వచ్చిందని అర్థం. లాభం పదికి రెండు, అంటే 20 శాతం. పన్నెండుకు రెండు అని రాస్తే తప్పు. పది రూపాయలకు ఆరు చొప్పున నిమ్మకాయలు కొని పది రూపాయలకు అయిదు చొప్పున అమ్మినా లాభం అదే 20 శాతం. డిస్ట్రిబ్యూటరు "డజనుకు ఒకటి ఫ్రీ" అని స్కీమ్ ఇచ్చినప్పుడు నాన్నగారికి పన్నెండింటి ధరకు పదమూడు వస్తాయి కాబట్టి, ఆయనకు అందిన రాయితీ పదమూడో వంతే గాని పన్నెండో వంతు కాదు. దొంగ తూకం ప్రశ్నలు కూడా ఈ కోవలోనివే: కిలోకు 900 గ్రాములే తూచి కొన్నధరకే అమ్ముతున్నానని చెప్పే వ్యాపారి 900 గ్రాముల పెట్టుబడి మీద 100 గ్రాములు మిగుల్చుకుంటున్నాడు, లాభం 11 1/9 శాతం. ఈ లెక్కను మాత్రం నాన్నగారి దగ్గర ప్రస్తావించకపోవడమే మర్యాద.

వరుస రాయితీలకు మన బట్టల దుకాణాల ఆషాఢం బోర్డులను మించిన అభ్యాస పుస్తకం లేదు. "50 శాతం + 20 శాతం తగ్గింపు" అని రాసి ఉంటే అది 70 శాతం కాదు. మొదటి తగ్గింపు తర్వాత 100 కాస్తా 50 అవుతుంది, ఆ 50 మీద 20 శాతం పోతే 40 చెల్లించాలి, మొత్తం తగ్గింపు 60 శాతం. అలాగే "రెండు కొంటే ఒకటి ఉచితం" అంటే మూడింటికి ఒకటి, 33 1/3 శాతం. "మూడు కొంటే ఒకటి ఉచితం" అంటే నాలుగింటికి ఒకటి, 25 శాతం. బోర్డు కనిపించినప్పుడల్లా అసలు తగ్గింపు ఎంతో మనసులో లెక్కగట్టుకుంటూ వెళ్లండి. పన్ను కలిసిన ప్రశ్నలో, వేరుగా చెప్పకపోతే, ముందు రాయితీ తీసి మిగిలిన దానిపైనే జీఎస్టీ వేయాలి: 2000 రూపాయల ప్రకటన వెలపై 10 శాతం రాయితీ, 18 శాతం పన్ను అయితే 1800 మీద 324 కలిపి 2124 రూపాయలు. సరుకు పాడైపోయే లెక్కలో ఖర్చు మొత్తం సరుకుదీ, ఆదాయం మిగిలిన సరుకుదీ అవుతాయి. కిలో 20 రూపాయలకు కొన్న 100 కిలోల ఉల్లిలో 10 శాతం కుళ్లిపోయినా 8 శాతం లాభం కావాలంటే, 2160 రూపాయలను 90 కిలోల నుంచి రాబట్టాలి, కిలో 24 రూపాయలకు అమ్మాలి.

ఇక సమయం సంగతి. ఎన్‌టీపీసీ మొదటి దశలో 90 నిమిషాల్లో 100 ప్రశ్నలు, వాటిలో గణితం 30; తప్పు జవాబుకు మూడో వంతు మార్కు కోత. బ్యాంకు ఉద్యోగాల పరీక్షలు జరిపే ఐబీపీఎస్ సంస్థ క్లర్కు ప్రిలిమ్స్‌లో (తొలి దశలో) సంఖ్యా సామర్థ్యం విభాగానికి 20 నిమిషాలే, ప్రశ్నలు 35, కోత నాలుగో వంతు. కాబట్టి రైల్వే పరీక్షలో మీరు కాగితం మీద రెండు వరుసలు రాసుకునే వీలుంటుంది గాని బ్యాంకు పరీక్షలో సగం లెక్క మనసులోనే జరగాలి. మీరు ముందు రైల్వే పరీక్ష స్థాయి ప్రశ్నలతో తప్పులు తగ్గించుకుని, ఆ తర్వాతే గడియారం పెట్టుకుని బ్యాంకు వేగానికి వెళ్లడం మంచిది. చాలామంది దీన్ని తలకిందులుగా చేస్తారు. అలవాటైన తప్పు వేగం పెరిగే కొద్దీ గట్టిపడుతుందే గాని పోదు.

కోచింగ్ విషయానికి వస్తే, ఈ ఒక్క అధ్యాయం కోసం అశోక్‌నగర్‌లోనో దిల్‌సుఖ్‌నగర్‌లోనో హాస్టల్ అద్దె కట్టుకుంటూ ఉండవలసిన అవసరం నాకు కనిపించడం లేదు. రీజనింగ్, ఇంగ్లిష్, జనరల్ అవేర్‌నెస్ కూడా చూసుకుని, అన్నిటిలోనూ మార్గదర్శనం కావాలనిపిస్తే డిగ్రీ పూర్తయ్యాక కుటుంబ పరిస్థితిని బట్టి నిర్ణయించుకోవచ్చు. లాభనష్టాలకైతే ఏడు, ఎనిమిది తరగతుల తెలుగు మాధ్యమ గణిత పాఠ్యపుస్తకాలతో మొదలుపెట్టి, తర్వాత గత సంవత్సరాల ప్రశ్నపత్రాలకు వెళ్లండి. ఈ రెండు పరీక్షలూ తెలుగులో రాసే వీలుంది కాబట్టి ప్రశ్నలను కూడా తెలుగులోనే సాధన చేయండి. నోటుపుస్తకంలో ప్రతి లెక్క పక్కన సూత్రానికి బదులు, ఆ లెక్కలోని ఒక్కో శాతం దేని మీదిదో రాయండి. తప్పు వచ్చిన లెక్కకు సరైన జవాబుతో పాటు, మీరు గుర్తించిన తప్పు ఐచ్ఛికం ఏ ఆధారం వల్ల వచ్చిందో కూడా రాయండి. రాత్రి కొట్టు కట్టేశాక ఆనాటి సరుకు బిల్లు ఒకటి తీసుకుని, నాన్నగారు చెప్పే మార్జిన్‌ను కొన్నవెల మీది లాభశాతంగా మార్చి ఆయనకు వినిపించండి. 10 శాతం 11 1/9 అవుతుంది, 20 శాతం 25 అవుతుంది, 25 శాతం 33 1/3 అవుతుంది. ఈ మార్పిడి తడుముకోకుండా వచ్చిన తర్వాత మరో మాదిరి పరీక్ష రాసి, ఈ అధ్యాయంలో తప్పుపోయిన ప్రశ్నలను మాత్రమే నాకు పంపండి.