స్క్రిప్టు రాస్తున్న మేనల్లుడికి

చిరంజీవి అల్లుడికి,
మామయ్య ఆశీస్సులు.

నీ స్క్రిప్టు చదివాను. జనం ఆశ ఉన్న సినిమాలే చూస్తారు, ముగింపు మార్చమని నిర్మాత అన్నాడని బాధపడుతూ రాశావు. మార్చకు. హీరో చచ్చిపోతే వచ్చిన ఇబ్బందేమీ లేదు. అతని కోసం ఏడ్చేవాళ్ళు ఆ కథలో ఒక్కరూ లేరు, ఇబ్బందంతా అక్కడుంది.

1953లో వచ్చిన దేవదాసు సంగతే చూడు. తాగి తాగి ఒళ్ళు గుల్ల చేసుకున్నవాడు పార్వతి ఇంటి ముందు ప్రాణం వదులుతాడు. అంత విషాదాన్ని మనవాళ్ళు తరాల తరబడి చూశారు. చచ్చేలోగా ఒకసారి వస్తానని ఆమెకిచ్చిన మాట కోసం, అడుగు వేయలేని స్థితిలోనూ బయల్దేరతాడు కదా! నీ కథలో మాత్రం ప్రేమ అవసరం, స్నేహం బేరం, చివరికి అమ్మ కూడా లెక్కలు చూసుకునే మనిషే. ఇది లోకాన్ని చూసి రాసినట్టు లేదు, ఈ మధ్య వచ్చిన సినిమాలు చూసి రాసినట్టుంది.

అలాగని కథనిండా మంచివాళ్ళని నింపమనడం లేదు. బలగం (2023) మళ్ళీ చూడు, ఈసారి పెన్నూ కాగితం పట్టుకుని. తాత పోతే మనవడి దిగులు తన అప్పుల గురించి. బావా బావమరుదులు ఎప్పుడో నల్లిబొక్క (మాంసంలో మూలుగ ఎముక) దగ్గర వచ్చిన గొడవతో ఇంకా ఎడమొహం పెడమొహం. కాకి ముద్ద ముట్టకపోతే ఒకరి మీద ఒకరు నెపం వేసుకుంటారు. ఈ చిన్నబుద్ధులన్నీ అంత ఓపిగ్గా చూపించారు కాబట్టే, ఊరూరా తిరిగి కథలు పాడే బుడగజంగాల పాటకి వాళ్ళు కరిగిపోతే మనం నమ్ముతాం. తెలంగాణ పల్లెల్లో తెర కట్టుకుని ఊరంతా కలిసి ఆ సినిమా చూసి ఏడ్చారు.

కోపం వేరు, నిరాశ వేరు. ఆకలి రాజ్యం (1981)లో ఉద్యోగం దొరకని కుర్రాడు వ్యవస్థ మీద మండిపడతాడు, చివరికి క్షవరం పని చేసుకుంటూ తలెత్తుకుని బతుకుతాడు. ఏదో ఒకనాడు బాగుపడుతుందన్న నమ్మకం లోపల ఉన్నవాడికే అంత కోపం వస్తుంది. నీ హీరోకి ఆ కోపం ఇవ్వు.

‘ఎవడినీ నమ్మొద్దు’, ‘లోకం ఇంతే’ లాంటి డైలాగులన్నీ కొట్టెయ్. విజిల్స్ పడతాయని ఉంచాలనిపిస్తుంది. కానీ ఆ విజిల్ పడేది హీరో తెగువకి. అది సీనులో ఉంటే డైలాగు లేకపోయినా పడుతుంది.

ఒక ఆదివారం మాట్నీకి వెళ్ళి, తెరని వదిలేసి జనం ముఖాలు గమనించు. తెర మీద ఎవరి గురించీ బెంగ లేనప్పుడే జేబుల్లోంచి ఫోన్లు బయటికొస్తాయి. హాస్యమైనా, రక్తపాతమైనా అంతే.

తర్వాత అమ్మ పాత్ర పట్టుకో. కొడుక్కి తెలియకుండా నగలు దాచింది, సరే. ఎవరి కోసం దాచింది? కూతురి కాన్పు కోసమైతే ఆమె అబద్ధం అలాగే ఉంటుంది, కానీ మనిషి కనిపిస్తుంది. అది ఇంటర్వెల్‌కి ముందే తెలియాలి, క్లైమాక్స్‌లో చెబితే అతికించినట్టుంటుంది.

నిర్మాతకి ఇప్పుడే ఏమీ చెప్పకు. ముందు ఆ నగల సీను తిరగరాసి నాకు పంపు.

మీ మామయ్య