కొనుగోలు కేంద్రంలో పనులు మర్చిపోకుండా ఉండాలంటే

వడ్ల కొనుగోలు కేంద్రం ఈసారి మీ మహిళా సంఘానికి వచ్చింది, ట్రైనింగ్‌లో ఇచ్చిన పుస్తకం ఎవరూ తెరవట్లేదు, రోజూ ఎవరో ఒకరు ఏదో ఒకటి మర్చిపోతున్నారు, ఏం చేయాలి అని అడిగారు.

అక్కా, చదవనివాళ్లను తప్పుపట్టకండి. వర్ధన్నపేట వైపు మా సంఘం సెంటర్‌లో నేను లెక్కలు చూసేదాన్ని. ఆ పుస్తకాల్లో తేమకు ఒక పాఠం, సంచులకు ఒకటి, చెల్లింపులకు ఒకటి ఉంటాయి. కానీ ట్రాక్టర్ వచ్చి ఆగిందంటే తేమ, పాస్‌పుస్తకం, వరుస నంబరు అన్నీ ఒక్కసారే చూసుకోవాలి. అప్పుడు పేజీలు తిప్పే తీరిక ఎవరికుంటుంది?

మేం మూడు చోట్ల ఆగేవాళ్లం: టోకెన్ రాసేముందు, కాంటా పెట్టేముందు, లారీ కదిలేముందు. ఒక్కో చోటికి ఒక్క కాగితం, పెద్ద అక్షరాల్లో ఐదారు లైన్లు. దాన్ని ఆఫీసు గోడకు కాదు, ఆ పని జరిగే చోటే అంటించాలి.

లైన్ రాసే తీరులోనే అసలు సంగతుంది. ‘తేమ 17 శాతం మించరాదు’ అని రాస్తే, మించితే ఏం చేయాలో కొత్తమ్మాయికి తెలియదు. ‘కుప్పలో నాలుగు చోట్ల లోపలి వడ్లు తీసి మీటర్‌లో చూడు. 17 దాటితే టోకెన్ రాయకు, ఆరబోయమని చెప్పు’ అని రాయండి. కారణం అన్నిటికీ అక్కర్లేదు, గొడవయ్యే చోట చాలు. తేమ ఎక్కువుంటే సంచుల్లో వడ్లు వేడెక్కి రంగు మారతాయని అక్కడే రాసి ఉంటే, రైతు గట్టిగా అడిగినా ఆ అమ్మాయి టెన్షన్ పడకుండా చెప్పగలదు. కాంటా దగ్గర ‘సన్నాలా, దొడ్డా?’ అన్నది మొదటి లైన్‌గా పెట్టండి. తెలంగాణలో క్వింటాలుకు 500 రూపాయల బోనస్ సన్నాలకే కాబట్టి అక్కడ కలిస్తే రైతుకే నష్టం.

ఇలా ఆగి చూసుకోవడం డాక్టర్లకూ ఉంది. 2008లో ప్రపంచ ఆరోగ్య సంస్థ ఆపరేషన్లకు 19 అంశాల చెక్‌లిస్టు తెచ్చింది. మత్తు ఇచ్చేముందు, కోత పెట్టేముందు, పేషెంట్‌ను బయటికి తెచ్చేముందు ఆగి పైకి చదవాలి. ఢిల్లీతో సహా ఎనిమిది నగరాల్లో పెట్టి చూస్తే మరణాలు 1.5 శాతం నుంచి 0.8కి తగ్గాయని 2009లో అధ్యయనం వచ్చింది. మీరూ ఒకరు చదవండి, ఇంకొకరు జవాబు చెప్పాలి. మనసులో చదువుకుంటే సగం లైన్లు దాటేస్తాం.

రాసినవాళ్లకు అన్నీ తేలిగ్గానే కనిపిస్తాయి. అందుకే సెంటర్ పని తెలియని ఒకరికి కాగితం ఇచ్చి, మీరు మాట్లాడకుండా చూడండి. ఎక్కడ ఆగి మీ మొహం చూస్తారో ఆ లైన్ మార్చండి.

రైతులకు కావాల్సిన కాగితాల సంగతి మాత్రం సెంటర్ బోర్డు మీద పెడితే ఆలస్యమైనట్టే. ఆధార్, పట్టాదారు పాస్‌పుస్తకం, బ్యాంకు పాస్‌బుక్ తేవాలని ట్రాక్టర్ ఎక్కకముందే, ఊరి వాట్సాప్ గ్రూపులో, పంచాయతీ దగ్గర చెప్పాలి.

ప్రతి కాగితం మీదా సీజన్ రాయండి. ‘ఎ’ గ్రేడ్ వడ్లకు మద్దతు ధర క్వింటాలుకు 2024-25లో 2,320 రూపాయలు, 2025-26లో 2,389. పాతది అలాగే ఉంటే ఎవరో ఒకరు దాన్నే చూపించి వాదిస్తారు, కాబట్టి ముందు అది చింపేసి కొత్తది అంటించండి.