రెండో ఏడాది బ్లాక్డ్ అకౌంట్ కోసం రెండు రూపాయల వడ్డీకి అప్పు తేవాలా?

ప్రశ్న: మాది ఖమ్మం. జర్మనీలోని మాగ్డెబర్గ్‌లో ఎలక్ట్రికల్ ఇంజినీరింగ్ ఎమ్మెస్ చేస్తున్నాను. మొదటి ఏడాది అయిపోవస్తోంది. ట్యూషన్ ఫీజు లేదు. ఇల్లు తనఖా పెడితే 15 లక్షల విద్యారుణం శాంక్షన్ అయింది. అందులో 11 లక్షలు తీసుకుని, నాన్న దాచుకున్నది కలిపి మొదటి ఏడాది గడిపాం. అక్టోబరులో రెసిడెన్స్ పర్మిట్ రెన్యువల్ ఉంది. మళ్లీ ఏడాది ఖర్చుల కింద బ్లాక్డ్ అకౌంట్లో 11,904 యూరోలు చూపించాలి. బేకరీలో పార్ట్‌టైమ్ చేస్తే నెలకు 600 యూరోల దాకా వస్తున్నాయి. అద్దె, ఇన్సూరెన్స్, తిండి అన్నీ కలిపి ఖర్చు 820 అవుతోంది. చేతిలో 1,400 యూరోలు ఉన్నాయి. నాన్న మిర్చి యార్డులో గుమాస్తా, జీతం 30 వేలు. యార్డులో తెలిసిన వ్యాపారి రెండు రూపాయల వడ్డీకి 12 లక్షలు ఇస్తానన్నారట. లేదంటే 200 గజాల ప్లాటు అమ్మేద్దామంటున్నారు నాన్న. అమ్మ దగ్గర 15 తులాల బంగారం ఉంది కానీ అది వచ్చే ఏడాది చివర్లో అక్క పెళ్లికి ఉంచింది. నిద్ర పట్టడం లేదు. ఏం చేయమంటారు?
– ఓ పాఠకురాలు

జవాబు: ఆ వ్యాపారి డబ్బు వద్దని నాన్నగారికి ముందు ఫోన్ చేసి చెప్పండి. ఆయన మంచివారే కావచ్చు. కానీ రెండు రూపాయల వడ్డీ అంటే నూటికి నెలకు రెండు, ఏడాదికి 24 శాతం. 12 లక్షల మీద నెలకు 24 వేలు వడ్డీకే పోతుంది, అసలు అలాగే ఉంటుంది. జీతం 30 వేలు. ఇక ఇల్లు గడిచేదెలా? పైగా రోజూ పనిచేసే చోట అప్పు పడితే, ఒక్క నెల వడ్డీ ఆలస్యమైనా నాన్నగారు యార్డులో తలెత్తుకుని తిరగలేరు. ఆ ఇబ్బంది ఏ లెక్కలోనూ కనబడదు.

ఇప్పుడు మీ టెన్షన్ సంగతి. మీ ఇంట్లో అందరూ 12 లక్షలు కావాలి, 12 లక్షలు కావాలి అని తిరుగుతున్నారు. మీకు తక్కువ పడుతున్నది అంత కాదు. మీ ఖర్చు 820, సంపాదన 600. లోటు నెలకు 220 యూరోలు, ఏడాదికి 2,640. యూరో 105 రూపాయలనుకుంటే 2 లక్షల 77 వేలు. మిగతాదంతా చూపించడానికి కావాల్సిన డబ్బు. బ్లాక్డ్ అకౌంట్లో వేసిన సొమ్మును జర్మనీ ప్రభుత్వం తీసుకోదు, నెలకు 992 యూరోల చొప్పున మీకే తిరిగొస్తుంది. ఫీజు కట్టడానికి చేసే అప్పు వేరు, ఇలా నెలనెలా వెనక్కి వచ్చే డిపాజిట్ కోసం చేసే అప్పు వేరు. ఈ రెండోదానికి కావాల్సింది తక్కువ వడ్డీకి దొరికి, ఎప్పుడు చేతిలో డబ్బుంటే అప్పుడు కొంత కొంత కట్టేసుకోగల అప్పు. ప్లాటు అమ్మితే మళ్లీ కొనలేరు. ఏడాదిలో తిరిగొచ్చే డబ్బు కోసం తిరిగిరాని ఆస్తిని వదులుకోవడం నాకు సమ్మతం కాదు.

మీ ఉత్తరంలో ఒక వాక్యం దగ్గర ఆగిపోయాను. 15 లక్షలు శాంక్షన్ అయితే 11 లక్షలే తీసుకున్నారు. మరి ఆ నాలుగు లక్షలు ఏమయ్యాయి? చాలా కుటుంబాలు మొదటి ఏడాది తీసుకున్నదే మొత్తం లోన్ అనుకుని మిగతాది మరిచిపోతాయి. విద్యారుణం విడతలుగానే వస్తుంది, జీవన ఖర్చులకు కూడా ఇస్తారు. శాంక్షన్ లెటర్ తీసి చూడమనండి. అందులో జీవన ఖర్చుల పద్దు ఎంత ఉంది, డబ్బు ఎప్పటిలోగా తీసుకోవాలి అన్న రెండు విషయాలు చూస్తే చాలు. విదేశీ చదువుకు సాధారణంగా ఖర్చులో 15 శాతం మన వాటాగా పెట్టమంటారు, దీన్నే మార్జిన్ అంటారు. దాన్ని ఈ విడతలో కూడా అడగొచ్చు, సిద్ధంగా ఉండండి.

రెన్యువల్‌కి మొత్తం 11,904 యూరోలూ డిపాజిట్ చేయాల్సిందేనా అన్నది తర్వాతి ప్రశ్న. మీరంతా ఆస్‌లెండర్‌బెహోర్డె అని పిలుచుకునే విదేశీయుల కార్యాలయానికి కావాల్సింది నెలకు 992 యూరోలు మీకు అందుతాయన్న నమ్మకం. వీసాకి మొదటిసారి వెళ్లినప్పుడు మీకు అక్కడ ఉద్యోగం లేదు కాబట్టి బ్లాక్డ్ అకౌంటే దిక్కు. ఇప్పుడు అలా కాదు. బేకరీ కాంట్రాక్టు ఉంది, జీతం స్లిప్పులు ఉన్నాయి. చాలాచోట్ల వాటిని లెక్కలోకి తీసుకుని, తక్కువైనంతవరకే డిపాజిట్ అడుగుతారు. అయితే ఇది ఆ ఊరి కార్యాలయం ఇష్టం, పక్క ఊళ్లో ఒప్పుకున్నారని మీ ఊళ్లో ఒప్పుకోవాలని లేదు. కాబట్టి ఫ్రెండ్స్ వాట్సాప్ గ్రూపులో అడక్కుండా ఆ కార్యాలయానికే మెయిల్ పెట్టండి. కాంట్రాక్టుకి గడువు ఉందా, లేక గడువు లేనిదా అన్నది ముఖ్యం. గడువు ఉంటే యజమానితో ఇప్పుడే మాట్లాడి పొడిగించిన కాగితం తీసుకోండి. ఆరు నెలల స్లిప్పులు, బ్యాంకు స్టేట్‌మెంట్, యూనివర్సిటీ ఎన్‌రోల్‌మెంట్ సర్టిఫికెట్, మార్కుల పట్టిక, ఇన్సూరెన్స్ పత్రం జతచేయండి.

వాళ్లు ఒప్పుకుంటే మీ పని తేలికైపోతుంది. 992లో 600 జీతం పోగా నెలకు 392. పన్నెండు నెలలకు 4,704 యూరోలు, అంటే 4 లక్షల 94 వేలు. నాలుగు లక్షలు విద్యారుణంలో మిగిలినవి. మిగతా లక్షకు అమ్మగారి బంగారంలో రెండు తులాలు బ్యాంకులో పెడితే సరిపోతుంది. మార్జిన్ అడిగితే ఇంకో తులం. మీ 1,400 యూరోలు మాత్రం కదపొద్దు. రెన్యువల్ ఫీజే 93 యూరోల దాకా ఉంటుంది. గది మారాల్సి వస్తే అద్దె అడ్వాన్సు కింద మూడు నెలల అద్దె వరకు అడిగే హక్కు అక్కడి యజమానికి ఉంది. బేకరీ పని ఒక నెల ఆగిపోయినా ఆ డబ్బే ఆదుకోవాలి.

ఒప్పుకోకపోతే? అప్పుడు మొత్తం 12 లక్షల 50 వేలు కావాలి. నాలుగు లక్షలు విద్యారుణం నుంచి, ఎనిమిదిన్నర లక్షలు బంగారం మీద. అమ్మగారు కంగారు పడతారు, నాకు తెలుసు. ఈ లెక్క ఆవిడకి వివరంగా చెప్పండి. బ్లాక్డ్ అకౌంట్ నుంచి నెలకు 992 వస్తుంది. జీతం 600 పోగా మీకు అందులో కావాల్సింది 220. మిగిలిన 770 యూరోలు, అంటే 80 వేల రూపాయలు, నెలనెలా ఇంటికి పంపుతారు. నాన్నగారు అదే రోజు బంగారం లోన్‌లో జమ చేస్తారు. ఏడాదికి పది శాతం వడ్డీ వేసుకున్నా పదకొండు నెలల్లో ఆ అప్పు తీరిపోతుంది, మొత్తం వడ్డీ 40–45 వేలకు మించదు. వచ్చే ఏడాది చివర్లో పెళ్లి అన్నారు, సెప్టెంబరు నాటికి నగలు ఇంటికొస్తాయి. అదే వ్యాపారి దగ్గరైతే రెండు నెలల వడ్డీయే 48 వేలు.

ఈ ఏర్పాటు నిలబడాలంటే మీరు ప్రతి నెలా ఆ 770 పంపి తీరాలి. అకౌంట్లో 992 కనబడగానే కొత్త ఫోనో, క్రిస్మస్ సెలవుల్లో ప్రాగ్ ట్రిప్పో గుర్తుకొస్తాయి. వెళ్లొద్దనను, ఒకసారి వెళ్లిరండి. కానీ డబ్బు పడిన మర్నాడే ఇంటికి వెళ్లిపోయేలా ఆటోమేటిక్ ట్రాన్స్‌ఫర్ పెట్టుకోండి. బంగారం లోన్ తీసుకునేటప్పుడు మధ్యలో కొంత కొంత కట్టొచ్చా, కట్టినంతకు వడ్డీ తగ్గుతుందా అని బ్యాంకులో గట్టిగా అడగమనండి. ఏడాది చివర అంతా ఒకేసారి కట్టే పద్ధతి మీకు పనికిరాదు. మీరు పంపే డబ్బు మీద అమ్మానాన్నలకు ఇక్కడ పన్ను పడదు. అటు పంపేటప్పుడు కూడా, విద్యారుణం సొమ్ముకి టీసీఎస్ (విదేశాలకు పంపేటప్పుడు బ్యాంకు ముందే వసూలు చేసే పన్ను) లేదు, సొంత డబ్బుకైతే ఒక ఆర్థిక సంవత్సరంలో పది లక్షల వరకు లేదు. ఎనిమిదిన్నర లక్షలు ఆ లోపే. విద్యారుణం వడ్డీ మీద పన్ను మినహాయింపు గురించి ఎవరైనా ఊదరగొడితే పట్టించుకోకండి. అది పాత పన్ను విధానంలో ఉన్నవారికే, అయినా నాన్నగారి జీతానికి అసలు పన్నే పడదు.

మీ సంపాదన గురించి ఒక హెచ్చరిక. 2026లో జర్మనీ కనీస వేతనం గంటకు 13.90 యూరోలు, మినీజాబ్ అనే చిన్న ఉద్యోగాలకు సంపాదన పరిమితి నెలకు 603. వారానికి పది గంటలతో మీరు సరిగ్గా అక్కడే ఉన్నారు. డబ్బు తక్కువైందని సెమిస్టర్ మధ్యలో ఇంకో పని, దాని మీద ఇంకోటి ఎత్తుకోవద్దు. విద్యార్థి పర్మిట్ మీద ఏడాదికి 140 పూర్తి రోజులు లేదా 280 సగం రోజులే పని చేయాలి. సెమిస్టర్ నడుస్తుండగా వారానికి 20 గంటలు దాటితే ఇన్సూరెన్స్ లెక్కలే మారిపోతాయి. లెక్కల్లో చూపకుండా చేతికి డబ్బిచ్చే పనులు, హైదరాబాద్ కంపెనీకి ఆన్‌లైన్‌లో ఫ్రీలాన్సింగ్ చేయడం లాంటివి అస్సలు వద్దు. సొంతంగా వ్యాపారం, ఫ్రీలాన్స్ చేయడానికి విద్యార్థి పర్మిట్ దానంతటదే అనుమతి ఇవ్వదు. రెన్యువల్ ముందు అలాంటి పేచీ తెచ్చుకుంటే 12 లక్షలు కాదు, చదువే పోతుంది. మీకు అన్నిటికంటే మేలైనది ప్రొఫెసర్ల దగ్గర దొరికే హివి, అంటే విద్యార్థి సహాయకుల ఉద్యోగం. యూనివర్సిటీలో చేసే ఆ పని 140 రోజుల లెక్కలోకి రాదు, థీసిస్‌కీ దారి చూపిస్తుంది. బేకరీలో రొట్టెలు సర్దడం తప్పేం కాదు కానీ, రెజ్యూమెలో రాసుకోవడానికి ల్యాబ్ పని ఎక్కువ ఉపయోగం. మార్కులు బాగుంటే డాయిచ్‌లాండ్ స్టిపెండియం అనే స్కాలర్‌షిప్ కూడా చూడండి. నెలకు 300 యూరోలు ఇస్తారు, విదేశీ విద్యార్థులూ అర్హులే. అది వస్తే మీ లోటు మొత్తం పూడిపోతుంది.

ఇక ప్లాటు ఎందుకు వద్దన్నానో పూర్తిగా చెప్పాలి. మీరంతా అక్టోబరు గురించే ఆలోచిస్తున్నారు, నా భయం 2028 గురించి. పదిహేను లక్షలూ తీసుకున్నాక, చదువు కాలం, ఆపైన వాయిదాలు కట్టక్కర్లేని ఏడాది మారటోరియం వడ్డీ కలిసేసరికి అప్పు దాదాపు 19 లక్షలవుతుంది. పది శాతం వడ్డీతో పదేళ్లకు కట్టాలంటే ఈఎంఐ నెలకు 25 వేలు. జర్మనీలో ఉద్యోగం ఉంటే అది 240 యూరోలు, పెద్ద భారం కాదు. ఉద్యోగం లేకపోతే? ఖమ్మంలో 30 వేల జీతంలోంచి 25 వేలు కట్టాలి, తనఖాలో ఉన్నది సొంతిల్లు. ప్లాటు అవసరమైతే ఆ రోజుకి కావాలి. ఇప్పుడే అమ్మేస్తే అప్పటికి మీ వెనక ఏమీ మిగలదు.

ఉద్యోగం రాదని నేననను. కానీ వచ్చేస్తుందన్న ధీమాతో ప్లాన్ వేయను. మీ ఊరి కథే చూడండి. మాగ్డెబర్గ్‌లో చిప్ ఫ్యాక్టరీ పెడతామని ఇంటెల్ 2022లో ప్రకటించింది. ఎలక్ట్రికల్ విద్యార్థులు చాలామంది దాని మీద ఆశ పెట్టుకున్నారు. 2024లో వాయిదా వేశారు, 2025 జూలైలో రద్దే చేశారు. కార్ల కంపెనీల్లో చూస్తే, 2030 నాటికి 35 వేలకు పైగా ఉద్యోగాలు తగ్గించుకునేలా ఫోక్స్‌వాగన్ 2024 డిసెంబరులో కార్మిక సంఘంతో ఒప్పందం చేసుకుంది. చదువయ్యాక ఉద్యోగం వెతుక్కోవడానికి 18 నెలల పర్మిట్ ఇస్తారు, అది మంచి వెసులుబాటే. ఆ నెలల్లో కూడా అద్దె, ఇన్సూరెన్స్ ఆగవు కదా. విద్యార్థి ఇన్సూరెన్స్ రేటు కూడా చదువుతోపాటే పోతుంది. నాలుగు సెమిస్టర్ల కోర్సు ఐదో ఆరో కావడం అక్కడ మామూలే, దానికీ కొంత డబ్బు పెట్టుకోండి. అందుకే ఈ సెలవుల్లో అదనపు షిఫ్టులు చేయాలా, జర్మన్ భాష బీ1 స్థాయి క్లాసుకి వెళ్లాలా అన్న ప్రశ్న వస్తే క్లాసుకే వెళ్లమంటాను. వచ్చే నెల నాలుగు వందల యూరోలు తగ్గినా సరే.

మీ తర్వాత బయల్దేరాలనుకునే తమ్ముళ్లు, చెల్లెళ్లు ఉంటే ఒక మాట. తెలంగాణలో ఎస్సీ, ఎస్టీ, బీసీ, మైనారిటీ విద్యార్థులకు విదేశీ విద్యానిధి పథకాలు ఉన్నాయి. కుటుంబ ఆదాయం ఏడాదికి 5 లక్షల లోపు ఉంటే 20 లక్షల వరకు సాయం అందుతుంది. అప్పు గురించి ఆలోచించే ముందే ఆ నోటిఫికేషన్ చూసుకోవాలి.

అక్టోబరు దాకా ఆగకుండా పర్మిట్ గడువు ముగియకముందే దరఖాస్తు పెట్టేయండి. అపాయింట్‌మెంట్ ఆలస్యమైనా, గడువులోపు దరఖాస్తు చేసి ఉంటే నిర్ణయం వచ్చేదాకా పాత పర్మిట్ హక్కులు కొనసాగుతాయి. ఇక్కడ నాన్నగారు ఈ వారమే బ్రాంచికి వెళ్లి, మీ ఎన్‌రోల్‌మెంట్ సర్టిఫికెట్, మార్కుల పట్టిక ఇచ్చి, మిగిలిన నాలుగు లక్షలు విడుదల చేయమని రాతపూర్వకంగా అడగాలి. నోటిమాటగా అడిగితే నోటిమాటగానే కాదంటారు. దరఖాస్తు మీద ముద్ర వేయించుకోమనండి. 30 రోజుల్లో జవాబు రాకపోతే, లేదా వచ్చిన జవాబు సబబుగా లేకపోతే రిజర్వ్ బ్యాంకు అంబుడ్స్‌మన్‌కి ఫిర్యాదు చేయొచ్చు. బ్రాంచి వాళ్లు ఏమన్నారో, విదేశీయుల కార్యాలయం నుంచి ఏం మెయిల్ వచ్చిందో నాకు రాయండి. బంగారం రెండు తులాలు పెట్టాలా, ఎక్కువ పెట్టాలా అన్నది అప్పుడు తేల్చుకుందాం.