బొమ్మ పడింది, పాదం మాత్రం పలకమీదే ఉంది

పాఠకుల ప్రశ్నలు – జవాబులు

ప్రశ్న: అయ్యా, ఇరవై ఏళ్లుగా చిన్న చిన్న పాత వస్తువులు పోగుచేస్తున్నాను. చెకుముకి రాతి బాణం మొనలు, పూసలు, రాగి నాణేలు, జానెడు ఎత్తు మట్టిబొమ్మ ఒకటి. అద్దాల బీరువా చేయించి అన్నిటినీ గ్లూ గన్‌తో అంటించాను. మొన్న తలుపు కాస్త గట్టిగా వేసేసరికి బొమ్మ పడి కాలు విరిగింది. ఇంకా గట్టి జిగురు ఏదైనా చెప్పగలరా?

జవాబు: చెప్పను. ఉన్న జిగురే మీ బొమ్మకు ఎక్కువైంది. మీరు పంపిన ఫొటోలో పాదం పలకకు అంటుకుని నిక్షేపంగా ఉంది, బొమ్మ మాత్రం కింద ఉంది. అంటే జిగురు ఊడలేదు, మట్టి ఊడింది. పాత వస్తువుల దగ్గర మా లెక్క తలకిందులుగా ఉంటుంది. జిగురు వాడక తప్పకపోతే అది వస్తువుకన్నా బలహీనంగా ఉండాలి. దెబ్బ తగిలినప్పుడు అతుకు వదలాలి కానీ వస్తువు విరగకూడదు.

ముందు ఆ పాదం సంగతి చూడండి. చాకు పెట్టి పీకకండి. పలకను విప్పి, పాదంతో సహా ఒక డబ్బాలో పెట్టండి. రాలిన పెళ్లలు, పొడి కూడా అందులోనే వేయండి. విరిగినవి అతికే పని తెలిసినవాళ్లకు ఆ పొడి కూడా ఆధారమే. బాణం మొనల సంగతి తేలిక. అంచున ఐసోప్రొపైల్ ఆల్కహాల్ ఒక చుక్క వేసి కాసేపు ఆగితే గ్లూ గన్ జిగురు పట్టు వదులుతుంది. పూసల మీద మాత్రం ఆ ప్రయోగం చేయకండి, పైన రంగు ఉంటే అదీ వస్తుంది.

ఇక బొమ్మను నిలబెట్టడం. ముప్పై ఏళ్లు మ్యూజియం పెట్టెల వెనక కూర్చుని నేను చేసిన పని ఇదే కాబట్టి కాస్త వివరంగా చెబుతాను. కుండ నిలబడేది కుదురు వల్ల. మీ బొమ్మకూ కావాల్సింది కుదురే. బరువంతా అడుగున మోయాలి. పైన రెండు వేళ్లు ఊరికే ఆనించినట్టు ఉంటే చాలు, బిగించి పట్టుకోనక్కర్లేదు. ఆ వేళ్లు బొమ్మ బరువు కేంద్రానికి పైన ఉండాలి, లేకపోతే కుదుపు వచ్చినప్పుడు బొమ్మ వాటి మీదుగానే తూలి పడుతుంది.

దీనికి ఒకటిన్నర, రెండు మిల్లీమీటర్ల ఇత్తడి తీగ సరిపోతుంది. మొండికేస్తే మసక ఎరుపు వచ్చేదాకా కాల్చి చల్లారనివ్వండి, చెప్పినట్టు వంగుతుంది. కొనలు ఆకురాయితో గుండ్రంగా అరగదీయండి. లోహం బొమ్మకు నేరుగా తగలకుండా పాలీఒలెఫిన్ గొట్టం తొడగండి. వేడికి ముడుచుకుని తీగను పట్టేసే రకం అది. ఆ వేడి చేసే పని బొమ్మకు దూరంగా, ముందే పూర్తిచేయాలి. ఎలక్ట్రికల్ పనిలో వాడే గొట్టాల్లో పీవీసీవి కూడా ఉంటాయి, అవి వద్దు.

అన్నిటికన్నా ముఖ్యమైనది: వస్తువుకు ఆనించి తీగను ఎప్పుడూ వంచకండి. కొలత చూసుకోండి, పక్కకు తీసుకెళ్లి వంచండి, మళ్లీ తెచ్చి చూడండి. ఒక్క వంపుకు పదిసార్లు తిరగాల్సి వస్తుంది, విసుగొస్తుంది. ఆ విసుగుతోనే ఉద్యోగంలో చేరిన మూడో నెలలో నేనొక ఎముక దువ్వెన పన్ను విరిచాను. మా గురువుగారు తిట్టలేదు. ఆ పన్నును చిన్న సీసాలో వేసి, ఏడాదిపాటు నా బల్ల మీదే ఉంచారు.

బాణం మొనలకు తీగ అవసరం లేదు. పాలిథిన్ ఫోమ్ పలక తీసుకుని, మొన ఆకారం గీసి, లోతులో సగం మునిగేలా గుంట కోయండి. పక్కన వేలు దూరేంత గాడి ఒకటి వదలండి. అది లేకపోతే రేపు బయటికి తీయడానికి చాకు మొనతో కెలుకుతారు. పైన ఉతికిన, రంగు వేయని నూలు గుడ్డ పరిచి అంచులు గుంటలోకి దోపితే చూడటానికీ బాగుంటుంది. కుర్చీల్లో వాడే స్పాంజి మాత్రం వద్దు. అది పాలీయురిథేన్. కొన్నేళ్లకు పసుపు రంగుకు తిరిగి, జిగటగా మారి పొడిపొడిగా రాలుతుంది. అప్పుడు మొనకు అంటుకున్న ఆ మడ్డిని వదిలించడం ఓ పెద్ద పని.

నాణేలకు పారదర్శకమైన పాలియెస్టర్ పట్టీలతో మూలలు చేసి అందులో దూర్చండి. మెత్తగా ఉండి కొత్త రెయిన్‌కోటు వాసన వచ్చే కవర్లు పీవీసీవి, వాటిలో రాగికి పచ్చగా జిడ్డు పడుతుంది. పూసలను పాలియెస్టర్ దారానికి గుచ్చి, దారాన్ని పలకకు చేసిన రంధ్రాల్లోంచి వెనక్కి తీసి అక్కడ ముడి వేయండి. బిగించి లాగకండి.

అంతా అయ్యాక వెంటనే బీరువాలో పెట్టేయకండి. బల్ల మీద మెత్తటి తువ్వాలు మడిచి, దాని మీద తీగతో సహా బొమ్మను నిలబెట్టి, పక్కన పిడికిలితో బల్లను గుద్దండి. బొమ్మ తీగలో కటకటలాడితే ఒకచోట వదులుంది. తీగతో కలిసి ఒక్కటిగా కదిలితే సరే.

ప్రశ్న: మ్యూజియం మైనం అని ఒకటి దొరుకుతోంది. పింగాణీ బొమ్మల కింద పెట్టమంటున్నారు. నమ్మవచ్చా?

జవాబు: పింగాణీకి, గాజుకు నిశ్చింతగా వాడండి. ఆవగింజంత ఉండలు మూడు చేసి అడుగున మూడు చోట్ల పెట్టి, కాస్త తిప్పుతూ నొక్కండి. నాలుగు చోట్ల పెడితే ఒకటి ఆనదు. తీసేటప్పుడు పైకి లాగకండి, మళ్లీ తిప్పండి. రాకపోతే సన్నటి దారాన్ని కిందినుంచి రంపంలా నడపండి.

మెరుగు లేని మట్టి, చెక్క, ఎముక, కాగితం, గరుకు రాయి వీటికి పెట్టకండి. జిడ్డు లోపలికి ఇంకి మచ్చ పడుతుంది, ఆ మచ్చ పోదు. అసలు పెట్టక తప్పదంటే ముందు ఆ కాస్త చోట పారలాయిడ్ బి-72 అనే అక్రిలిక్ పూత వేసి, ఆరాక దాని మీద మైనం పెడతారు. ఈ పూత ఎసిటోన్‌లో కరుగుతుంది కాబట్టి తర్వాత తీసేయవచ్చు. దీన్నే జిగురుగానూ వాడతారు కానీ 40 డిగ్రీల దగ్గర మెత్తబడటం మొదలవుతుంది. బీరువాలో వేడెక్కే బల్బు ఉన్నా, ఎండ పడే కిటికీ దగ్గర ఉన్నా బరువు దాని మీద వదలకండి. మైనం సంగతీ అంతే.

ప్రశ్న: మాస్టారూ, మా అమ్మాయి గవ్వలు, శంఖాలు కొత్త చెక్క షోకేసులో అమర్చి రెండేళ్లయింది. ఒక్కటీ పడలేదు కానీ వాటి మీద తెల్లగా ఉప్పులా పేరుతోంది, తుడిస్తే మళ్లీ వస్తోంది. బూజా?

జవాబు: బూజు కాదమ్మా. మీ షోకేసే గవ్వలను తింటోంది. చెక్క నుంచి, ముఖ్యంగా ఓక్, ప్లైవుడ్, ఎండీఎఫ్ పలకల నుంచి ఎసిటిక్ ఆమ్లం, ఫార్మిక్ ఆమ్లం ఆవిరిగా వస్తాయి. తలుపు మూసిన పెట్టెలో ఆ ఆవిరి ఎక్కడికీ పోలేదు. గవ్వ అంటే కాల్షియం కార్బొనేట్. ఆమ్లం దాన్ని కొరుకుతుంది, పైన తెల్లగా లవణం తేలుతుంది. 1899లో బైన్ అనే ఆయన దీని గురించి రాశాడు, అందుకే బైన్ వ్యాధి అంటారు. పేరుకే వ్యాధి. ఒకదాన్నుంచి ఇంకొకదానికి అంటదు. అన్నీ ఒకే గాలి పీలుస్తున్నాయి కాబట్టి అన్నిటికీ వస్తోంది, అంతే.

గవ్వలను మంచినీళ్లలో, ఆ తర్వాత డిస్టిల్డ్ వాటర్‌లో కడిగి, నీడలో బాగా ఆరనివ్వండి. పోయిన నునుపు తిరిగి రాదు. వాటిని గాజు, లోహంతో చేసిన పెట్టెలోకి మార్చండి. చెక్కదే ఉంచాలనుకుంటే లోపలివైపు మొత్తం అల్యూమినియం పొర ఉన్న రేకు అతికించాలి. వార్నిష్ ఆవిరిని పూర్తిగా ఆపదు, పైగా పచ్చిగా ఉంటే దాని ఆవిరి దానికి ఉంటుంది. అద్దాలు అతికిన సిలికాన్‌కు వెనిగర్ వాసన వస్తుంటే అదీ అదే ఆమ్లం. వాసన పూర్తిగా పోయేదాకా తలుపులు తెరిచి ఉంచండి.

మ్యూజియాల్లో దీనికి ఆడీ పరీక్ష ఉంది, 1973లో బ్రిటిష్ మ్యూజియంలో మొదలైంది. పెట్టెకు వాడబోయే చెక్కనో గుడ్డనో ఒక ముక్క తీసుకుని, వెండి, రాగి, సీసం బిళ్లలతో కలిపి తేమ గాలిలో 60 డిగ్రీల వేడిలో 28 రోజులు మూసి ఉంచుతారు. ఏ బిళ్ల మాసిందో చూస్తే సంగతి తేలిపోతుంది. మీరు ఇంట్లో అంత చేయనక్కర్లేదు కానీ, మెరిసేలా రుద్దిన సీసం ముక్క ఒకటి షోకేసులో ఒక మూల పెట్టి చూడండి. కొన్ని నెలల్లో తెల్లబడితే గవ్వలు అక్కడ పెట్టకండి.

ప్రశ్న: మా తాతగారి వెండి పతకం ఎవరూ ముట్టుకోకుండానే పెట్టెలో నల్లబడుతోంది. కింద మంచి పచ్చటి ఉన్ని గుడ్డ పరిచాను.

జవాబు: ఆ మంచి గుడ్డ తీసేయండి. ఉన్నిలో గంధకం ఉంటుంది, వెండిని నల్లబరిచేది అదే. తలుపుకు రబ్బరు పట్టీ ఉంటే అదీ తీసేయండి, అందులోనూ గంధకమే.